కుబుసం చూసి ఆడో మగో ఎలా చెప్పాలి? మన వైజాగ్ ఉక్కలో టరాంట్యులాని (ఒళ్లంతా వెంట్రుకలుండే పెద్ద సాలీడు) ఎలా ఉంచుతున్నారు?

ఎంవీపీ_కుర్రాడు:
అందరికీ నమస్తే. నా దగ్గర కర్లీ హెయిర్ అనే రకం టరాంట్యులా ఒకటి ఉంది, కాళ్లు చాపితే రెండు అంగుళాల పైనే. అమ్మినాయన ఆడది గ్యారంటీ అని చెప్పి దానికి తగ్గట్టు డబ్బులు కూడా ఎక్కువే తీసుకున్నాడు. నిన్న రాత్రి కుబుసం విడిచింది. పొద్దున చూస్తే దానికి నీళ్లు పోసి పెట్టే మూత పక్కన పాత చర్మం, అచ్చం ఇంకో సాలీడు కూర్చున్నట్టే ఉంది. పట్టకారుతో మెల్లగా తీసి అగ్గిపెట్టెలో పెట్టాను, ఇప్పుడు ఎండి గట్టిపడిపోయింది. దీన్ని బట్టి ఆడో మగో చెప్పొచ్చంటారు కదా, ఎలాగో చెప్పండి. ఇంకో విషయం, జులైలో కొత్త డబ్బాలోకి మార్చిన దగ్గర్నుంచి ఇది గోడలే పట్టుకుని వేలాడుతోంది, కింద కాలు పెట్టడమే అరుదు. ఏం ఇబ్బందో తెలియక టెన్షన్‌గా ఉంది.

పెందుర్తి_మాస్టారు:
బాబూ, చర్మం ఎండిపోయినా ఏం పరవాలేదు. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి అరగంట నానబెట్టు, తడి కాగితంలా మెత్తబడుతుంది. కాళ్లు, తల భాగం వదిలెయ్, నీకు కావాల్సింది పొట్ట భాగం, అది నలిగి ముద్దలా ఉంటుంది. సన్నటి పెయింటింగ్ బ్రష్షుతోనో పళ్లపుల్లతోనో తొందరపడకుండా విప్పి, లోపలి వైపు పైకి వచ్చేలా గాజు పలక మీద పరుచు. నాలుగు తెల్లటి మచ్చలు కనిపిస్తాయి, అవి ఊపిరి తీసుకునే బుక్ లంగ్స్. తలకి దగ్గరగా ఉన్న జత మధ్యలో అడ్డంగా ఒక గీత ఉంటుంది. ఆ గీత దగ్గర లోపలి వైపు చిన్న జేబులాంటి మడత లేచి ఉంటే ఆడది, దాన్నే స్పెర్మథీకా అంటారు. మగవాటికి అక్కడ ఆ మడత ఉండదు. గాజు కింద నుంచి ఫోన్ టార్చి వెయ్యి, పైనుంచి వాచీలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే అద్దంతో చూడు. రెండు అంగుళాల దానికి మామూలు కంటితో చూస్తే పొరబడతావు.

మధురవాడ_అక్క:
మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం, ఒక్కటి మాత్రం కలుపుతాను. కొన్ని మగవాటికి కూడా అదే చోట చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. నేను మొదటిసారి వాటినే చూసి ఆడది అనుకుని, రెండేళ్లు ఆడపిల్లలాగే చూసుకున్నాను. ఒక రోజు కుబుసం విడిచి బయటికొచ్చింది చూస్తే కాళ్లు సన్నగా పొడుగ్గా ఉన్నాయి, ముందున్న రెండు చిన్న చేతుల్లాంటి పెడిపాల్ప్స్ చివర్లు బాక్సింగ్ గ్లవ్స్ తొడిగినట్టు ఉబ్బి ఉన్నాయి, మొదటి జత కాళ్ల కింద వైపు కొక్కేలు కూడా ఉన్నాయి. అంటే ఎదిగిన మగది. ఆ తర్వాత తిండి దాదాపు మానేసి రాత్రంతా డబ్బా చుట్టూ తిరిగేది, ఏడు నెలలకి పోయింది. తప్పు నా పెంపకంలో లేదని తెలుసు, ఎదిగిన మగవి కొన్ని నెలలు, మహా అయితే ఏడాదో రెండేళ్లో బతుకుతాయి, ఈ రకంలో ఆడవైతే 20 ఏళ్ల దాకా తోడుంటాయి. అయినా ముందే తెలిసి ఉంటే మనసుకి అంత కష్టంగా ఉండేది కాదు. అందుకే ఎవరు అడిగినా చెబుతాను, అమ్మేవాళ్ల మాట కాదు, కుబుసం చూసుకోండి.

గాజువాక_రాత్రిపక్షి:
గాజు గోడ ఎక్కినప్పుడు కింద నుంచి ఫోటో తీసి చెప్పొచ్చు కదా? మగవాటికి ఆ గీత పైన అర్ధచంద్రాకారంలో ముదురు రంగు వెంట్రుకల మచ్చ ఉంటుందంటారు. నేను అలాగే రెండింటిని చెప్పాను, రెండూ కరెక్టే అయ్యాయి.

పెందుర్తి_మాస్టారు:
తమ్ముడూ, అది అంచనాకి పనికొస్తుంది, పెద్ద సాలీడు, మంచి ఫోటో అయితే. చిన్నవాటిలో వెంట్రుకలు ఎటు వాలితే అటు నీడ పడి మోసం చేస్తుంది. ఫోటో చూసి "అయ్యుండొచ్చు" అనుకో, కుబుసం చూశాకే "అవును" అను. ఫోటో కోసం దాన్ని తిప్పడం, చేత్తో పట్టుకోవడం మాత్రం వద్దు. అది అడుగు ఎత్తు నుంచి పడినా పొట్ట పగిలి పోవచ్చు.

ఎంవీపీ_కుర్రాడు:
అన్నీ అర్థమయ్యాయి మాస్టారూ, సాయంత్రం చూస్తాను. ఈలోగా గోడలు ఎక్కడం సంగతి చెప్పండి. డబ్బాలో తడి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నాలుగు అంగుళాలు వేశాను, రోజూ స్ప్రే చేస్తున్నాను. మూతకి పైన నాలుగు చిల్లులు ఉన్నాయి.

మధురవాడ_అక్క:
అదిగో, అదే కారణం. ఎక్కడో పొడి దేశంలో, హీటర్ వేసుకునే ఇళ్లలో పెంచేవాళ్లు చెప్పిన స్ప్రే లెక్క మనకి పనికిరాదు. సముద్రం పక్కన ఉన్నాం, వానాకాలంలో బట్టలే రెండు రోజులకి ఆరవు, దాని మీద నువ్వు రోజూ నీళ్లు కొడితే కోకోపీట్ బురదయిపోతుంది. ఆ తడి మీద కాలు పెట్టలేకే గోడ పట్టుకుంటోంది. నాది కూడా అలాగే చేసేది, తడి వల్ల తెల్లటి బూజు, చిన్న చిన్న పురుగులు కూడా వచ్చాయి. సోల్డరింగ్ ఐరన్ వేడి చేసి డబ్బా రెండు పక్కలా ఎదురెదురుగా వరసగా చిల్లులు పెట్టు, గాలి అడ్డంగా ఆడాలి. ఇప్పుడే కుబుసం విడిచింది కాబట్టి ఒళ్లు ఇంకా మెత్తగా ఉంటుంది, చిల్లులైనా మట్టి మార్చడమైనా వారం పది రోజులు ఆగి చెయ్యి. అప్పటిదాకా స్ప్రే ఆపి, నీళ్ల మూత ఒక్కటే నింపు. తర్వాత పొడి కోకోపీట్ వేసి, ఒక మూల కొంచెం తడిపి, సగం కొబ్బరి చిప్ప బోర్లించి అంచున చిన్న ద్వారం చెయ్యి. నాది ఆ రాత్రే అందులోకి దూరింది, పొద్దున లేచేసరికి ద్వారం దగ్గర మట్టి తోడి కుప్ప పెట్టింది. అది అలా మట్టి తోడితే సుఖంగా ఉందని లెక్క.

సాగర్‌నగర్_వాసి:
తిండి కూడా అప్పుడే వెయ్యకండి. కోరలు మొదట తెల్లగా, తర్వాత ఎర్రగా ఉంటాయి, నల్లబడ్డాకే కీచురాయి వెయ్యాలి. ఒకసారి నేను తొందరపడి వేశాను, తిననిది తెల్లారేదాకా లోపలే ఉండి మెత్తగా ఉన్న కాలు కొరికేసింది.
అన్నిటికంటే ముఖ్యమైంది ఎవరూ చెప్పలేదు, దోమల మందు. కాయిల్, లిక్విడ్, బొద్దింకల స్ప్రే, వీధిలో కొట్టే ఫాగింగ్ పొగ, వీటిలో ఎక్కువగా ఉండేవి పైరెత్రాయిడ్ మందులు, పురుగుల్ని చంపడానికే చేసినవి, సాలీడుకి కూడా అంతే. నాది ఒకటి అలాగే పోయింది. పక్క గదిలో రాత్రంతా లిక్విడ్ మెషిన్ ఉంది, ఉదయానికి కాళ్లు వణుకుతూ లోపలికి ముడుచుకుపోతోంది, రెండు రోజులు కిటికీ దగ్గర పెట్టుకుని కూర్చున్నాను, దక్కలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో దోమతెరలే. వంటింట్లో దొరికిన బొద్దింకని కూడా మేతగా వెయ్యకండి, ఎక్కడ ఏ మందు తిని వచ్చిందో తెలియదు.

గాజువాక_రాత్రిపక్షి:
ఇది నాకు అస్సలు తెలియదన్నా, ఈ రోజే మెషిన్ తీసేస్తాను. ఒక డౌటు. చెట్టెక్కే రకాల్లో మగవాటికి కొక్కేలు ఉండవంటారు, నిజమేనా? అరకు వైపు వెళ్తున్నాం, ఒకటి దొరికితే తెచ్చి చూద్దామని.

పెందుర్తి_మాస్టారు:
అన్ని చెట్టు రకాలకీ కాదు, మన దగ్గరి పొసిలోథీరియా అనే చెట్టు టరాంట్యులాలకి ఉండవు. వాటిలో మగదాన్ని గ్లవ్స్‌ని బట్టే పోల్చుకోవాలి. కానీ అడవి నుంచి తేవద్దు నాయనా, గట్టిగా చెబుతున్నాను. వాటిలోదే మన గుత్తి నీలం సాలీడు, దాని సంగతి విను. 1899లో పోకాక్ అనే జంతు శాస్త్రవేత్త గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక్కదాన్ని చూసి పేరు పెట్టాడు. మళ్లీ కనబడింది 2001లో, నంద్యాల గిద్దలూరు మధ్య అడవిలో. అంత కొద్ది చోటే దాని ఇల్లు, చెట్లు కొట్టేయడం, పట్టుకుపోవడం రెండూ దాని మీదే పడుతున్నాయి. అరకులో కనిపిస్తే చెట్టు తొర్రలో ఉండగానే ఫోటో తీసుకుని వచ్చెయ్. పైగా సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్నవి ఇంట్లో ఉంటే 2024 నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, కుర్రాడూ, నీ కర్లీ హెయిర్ సంగతి కూడా అక్కడ చూసుకో.

ఎంవీపీ_కుర్రాడు:
చూశాను మాస్టారూ! నానబెట్టి విప్పుతుంటే ఒక పక్క కొంచెం చిరిగింది, ప్రాణం ఆగినంత పనైంది, అదృష్టం కొద్దీ మధ్య భాగం బాగానే ఉంది. పై జత మచ్చల మధ్య వెడల్పుగా ఒకటే మడత, టార్చి వెలుగులో కొంచెం ముదురు గోధుమ రంగులో, బ్రష్షు కొనతో తాకితే లేస్తోంది. ఫోటో పెట్టాను, చూసి చెప్పండి.

మధురవాడ_అక్క:
చూశాను తమ్ముడూ. లేచే మడత అంటే బుడిపె కాదు, ఆడదే. చిన్నది కాబట్టి వచ్చే కుబుసం కూడా దాచి మళ్లీ ఒకసారి చూసుకో, ఈ చర్మాన్ని తేదీ రాసి థర్మకోల్ మీద గుచ్చి ఆరబెట్టు.

ఎంవీపీ_కుర్రాడు:
పన్నెండో రోజు. కోరలు నల్లబడ్డాయి, చిల్లులు పెట్టి మట్టి మార్చేశాను. నిన్న రాత్రి గోడ దిగింది. చిప్ప కింద ఉంది, రెండు కాళ్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. మధురవాడ అక్కా, మీ దగ్గర చిన్న సైజు కీచురాళ్లు ఉంటే ఆదివారం వచ్చి తీసుకుంటాను.