క్రీస్తు మనస్సు సోమవారం నాడు ఎలా? ఆచరణలో చెప్పండి

ధర్మవరం చెల్లి (ప్రశ్న)

అందరికీ వందనాలు. బైబిలులో ఫిలిప్పీ 2:5లో ‘క్రీస్తుయేసునకు కలిగిన యీ మనస్సు మీరును కలిగియుండుడి’ అని ఉంది. ఆదివారం ప్రసంగంలో వింటాం, తల ఊపుతాం. సోమవారం పొద్దున ఏడున్నరకే గొంతు లేస్తుంది. పట్టుచీరల షాపులో పని, ఇంట్లో అత్తమ్మ, ఇద్దరు బడి పిల్లలు, ఇదీ పరిస్థితి.

‘ప్రార్థన పెంచు, వాక్యం చదువు’ అని అందరూ చెబుతారు. ఏ భాగం చదవాలి, ఎంతసేపు, కోపం వచ్చిన ఆ నిమిషంలో ఏం చేయాలి, నోరు జారాక ఎలా సరిదిద్దుకోవాలి, ఇవి విడమరిచి చెప్పేవాళ్లు కావాలి. ఇంకో సందేహం కూడా ఉంది. తగ్గించుకోవడమంటే ఎవరేమన్నా నోరు మూసుకుని పడి ఉండటమేనా?

పెన్నా గట్టు, కడప

వందనాలమ్మా. ముందు ఆ వచనం ఏ సందర్భంలో వచ్చిందో చూడండి. అపొస్తలుడైన పౌలు సంకెళ్లలో ఉండి ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రిక, అంటే ఉత్తరం, అది. ఫిలిప్పీ సంఘంలో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలకు పొసగడం లేదు. 4:2లో వాళ్లిద్దరి పేర్లు పెట్టి మరీ బతిమాలుకున్నాడు. ఆ పత్రికను సంఘం మొత్తం ముందు చదివి ఉంటారు. మనుషుల మధ్య తగాదా ఉన్న చోటికే ‘క్రీస్తు మనస్సు’ అనే మాట వెళ్లింది. కాబట్టి దాన్ని నేర్చుకునే చోటు మీ వంటగది, మీ షాపు. ఏకాంత ప్రార్థన అందుకు బలాన్నిస్తుంది, దానికి బదులుగా నిలబడదు.

చదవడం గురించి. ఒక నెలపాటు రోజూ 2:1-11 మాత్రమే తీసుకోండి. పైకి చదివితే రెండు నిమిషాలు పడుతుంది. వారానికొకసారి, ఆదివారం మధ్యాహ్నం, పత్రిక మొత్తం ఒకేసారి కూర్చుని చదవండి. నాలుగు అధ్యాయాలు, 104 వచనాలే కాబట్టి ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. చాలామంది రోజుకో కొత్త అధ్యాయం చదివి, పదింటికల్లా ఏం చదివారో మర్చిపోతారు. అలవాటు మారాలంటే అదే మాట రోజూ చెవిన పడాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 6, 7 వచనాల్లో క్రీస్తు ఏం చేశాడు? తనకున్న స్థానాన్ని తన కోసం వాడుకోలేదు, దాసుని స్వరూపం ధరించుకున్నాడు. అందువల్ల మీరు వెతకాల్సింది మీ చేయి పైన ఉన్న చోటు. ఓనరు ముందు వినయంగా ఉండటం అందరికీ వచ్చు, అది భయంతోనూ వస్తుంది. చీరలు మడతపెట్టే కొత్త అమ్మాయితో ఎలా మాట్లాడుతున్నారు? అత్తమ్మ పింఛను డబ్బు మీ చేతిలో ఉంటే ఆమె అడిగినప్పుడు ఎలా ఇస్తున్నారు? పిల్లాడు పాలు ఒలకబోస్తే మొదట ఏ మాట వస్తోంది? మనస్సు ఎలాంటిదో బయటపడేది అక్కడే.

పొద్దున ఆ రెండు నిమిషాలు చదివాక చిన్న కాగితం మీద ఒక్క చోటు రాసుకోండి. ‘ఈరోజు ప్రేమగా ఉంటాను’ అని రాస్తే అది నిలవదు, ఎందుకంటే పరీక్ష వచ్చిందో లేదో మీకే తెలియదు. ‘మడతలో తప్పు జరిగితే ఆ అమ్మాయిని పక్కకు పిలిచి చెబుతాను, కస్టమరు ముందు అనను’ అని రాయండి. మనిషి, సమయం, పని మూడూ అందులో ఉండాలి. ఒక్కటి చాలు. ఒకేసారి ఐదు పెట్టుకున్నవాళ్లు మూడో రోజుకే విసిగి మానేస్తారు. ఒకటి చేయి తిరిగే దాకా, రెండు మూడు వారాలు, అదే ఉంచండి.

రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు కీర్తన 139:23-24 ప్రార్థనగా చెప్పి, ఆ ఒక్క చోటు ఎలా జరిగిందో చూసుకోండి. జరిగితే స్తోత్రం, తప్పితే ఒప్పుకోలు. మార్కులు వేసుకోవద్దు. మార్కులు ఎక్కువైతే గర్వం, తక్కువైతే నిరాశ, రెండూ మన చూపును మన మీదికే తిప్పుతాయి. 2:12లో ప్రయాసపడమన్నాడు, ఆ వెంటనే 13లో మీలో ఆ ఇష్టాన్నీ ఆ పనినీ కలుగజేసేవాడు దేవుడే అన్నాడు. ఈ రెండు వచనాలను విడదీసి చదవకండి.

తుంగభద్ర ఒడ్డు, కర్నూలు

ఏడున్నర సంగతి నేను చెబుతానక్కా. పొద్దుటి కోపంలో సగం పాపం, సగం ఏర్పాటు లోపం. ఏర్పాటుతో తీరేదాన్ని ఏర్పాటుతోనే తీర్చుకోవాలి. యూనిఫాం ఇస్త్రీ, బూట్లు, సాక్సులు, నీళ్ల సీసాలు, డైరీలో సంతకం, బాక్సుకు కూర తరిగి పెట్టుకోవడం, ఇవన్నీ రాత్రి తొమ్మిదింటికే అయిపోవాలి. పొద్దున పావుగంట ముందు లేవండి. ఆ పావుగంట ఇంకో పనికి వాడొద్దు, ఏదైనా ఒలికినప్పుడు తుడవడానికి పనికొస్తుంది. నిద్రా, తిండీ తక్కువైతే ఎంత భక్తిగల మనిషైనా చిరాకు పడతాడు. 1 రాజులు 19లో ఏలీయా చనిపోతానని కూర్చుంటే, దేవదూత మొదట రొట్టె, నీళ్లు ఇచ్చి తినమన్నాడు. రెండుసార్లు తిని, రెండుసార్లు పడుకున్నాకే ప్రయాణం, ఆ తర్వాతే దేవునితో మాట. అన్నం మానేసి షాపుకు పరిగెత్తి, సాయంత్రం ఇంట్లోవాళ్ల మీద అరిచేవాళ్లు ఆ అధ్యాయం చదవాలి.

కోపం వచ్చిన నిమిషంలో ఏం చేయాలి? ఒంట్లో ముందే తెలుస్తుంది. దవడ బిగుసుకుంటుంది, మాట వేగం పెరుగుతుంది, అవతలి మనిషి పేరు గట్టిగా పిలుస్తాం. ఆ పిలుపు దగ్గరే ఆగాలి. నిలబడి ఉంటే కూర్చోండి. చేతిలో గరిటె ఉంటే కింద పెట్టండి. ఊపిరి నిదానంగా మూడుసార్లు వదిలి, కావాలని గొంతు తగ్గించి ఒక్క మాట అనండి: ‘ఇప్పుడు కోపంలో ఉన్నా, రెండు నిమిషాలాగి మాట్లాడతా.’ సామెతలు 15:1లోని మృదువైన మాటకు గొంతు స్థాయి కూడా భాగమే. అంత మాట చెప్పాక తిరిగి వచ్చి మాట్లాడటం తప్పనిసరి. ఆ రెండు నిమిషాలు రెండు రోజులైతే అది మూతి ముడుచుకోవడం. పలక్కుండా ఉండి ఎదుటివాళ్లను ఏడిపించడం అరవడం కన్నా మెరుగని చాలామంది విశ్వాసులు అనుకుంటారు. ఎఫెసీ 4:26 సూర్యాస్తమయం దాకా అని గడువు పెట్టింది ఈ మౌనానికి కూడా.

నోరు జారాక క్షమాపణ ఎలా అడగాలన్నది ఎవరూ నేర్పరు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. చేసిన పని పేరు చెప్పాలి: ‘మీ చెల్లెలి ముందు మిమ్మల్ని పనికిరానివారు అన్నాను.’ దానివల్ల వాళ్లకు కలిగింది చెప్పాలి: ‘మీకు తలవంపు అయింది.’ తర్వాత ‘అది నా తప్పు, నన్ను క్షమించండి’ అనాలి. అంతటితో ఆపాలి. ‘అయితే మీరు కూడా...’ అని మొదలుపెడితే ముందు అన్నదంతా పోయినట్టే. ‘నా మాట తప్పుగా అనిపిస్తే క్షమించండి’ అనేది క్షమాపణ కాదు, తప్పును వాళ్ల చెవి మీదికి తోయడం. వాట్సాప్‌లో దండం బొమ్మ పెట్టి ఊరుకోకండి, ఎదుట నిలబడి చెప్పండి. దూరంలో ఉంటే ఫోన్ చేయండి. నలుగురి ముందు అంటే ఆ నలుగురి ముందే అడగాలి. పిల్లలకూ ఇదే లెక్క. అమ్మ ‘నాన్నా, అరిచాను, తప్పు నాదే’ అంటే పిల్లలు అలుసుగా తీసుకోరు, ఒప్పుకోవడం ఎలాగో నేర్చుకుంటారు.

వస్తువో డబ్బో నష్టపరిచి ఉంటే మాటతో సరిపోదు. లేవీయకాండం 6:5లో అసలు ఇచ్చి, దానికి ఐదో వంతు కలిపి ఇవ్వమని ఉంది. సువార్తలోని సుంకరి జక్కయ్య నాలుగింతలు ఇస్తానన్నాడు.

శనక్కాయ చేను, అనంతపురం

పైవాళ్లు ఇంటి గురించి, మాట గురించి బాగా చెప్పారు. మన సీమలో క్రీస్తు మనస్సు ఎక్కువగా తప్పిపోయేది రెండు చోట్ల, డబ్బులోనూ, గ్లాసులోనూ. వాటి గురించి చెప్పాలనిపించింది.

కూలి సంగతి. శనక్కాయ పెరికే రోజుల్లో కూలీలను పొద్దున ఆరింటికే పిలుస్తాం. డబ్బులు మాత్రం ‘సంత రోజు చూద్దాం’ అంటాం. ముందే వారానికని ఇద్దరూ ఒప్పుకుంటే అది వేరు. ఒప్పందం లేకుండా మన వీలు కోసం ఆపడం లేవీయకాండం 19:13, ద్వితీయోపదేశకాండం 24:15 రెండింటికీ వ్యతిరేకం. సూర్యుడు అస్తమించకముందే ఇవ్వమని, వాడు బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడని కారణం కూడా అక్కడే ఉంది. యాకోబు 5:4లో బిగబట్టిన కూలి మొర పెడుతుందని రాశాడు. కాబట్టి ముందు రోజే చిల్లర మార్చి పెట్టుకోండి. సాయంత్రం ఐదున్నరకు చేను గట్టునే లెక్క చూసి ఇచ్చేయండి. ఇంటి గుమ్మం దాకా వచ్చి నిలబడేలా చేయకండి. ఆడకూలీలకు, మగకూలీలకు ఒకే పనికి వేరే రేటు ఇస్తుంటే దాన్ని సరిచేయడం కూడా ఇందులోదే. షాపులో అయితే కొలత, కల్తీ, ‘ఇది ప్యూర్ పట్టు’ అని తెలియని కస్టమరుతో అనే మాట. ద్వితీయోపదేశకాండం 25:13 సంచిలో రెండు రకాల తూనిక రాళ్లు ఉంచుకోవద్దంది. ఓనరు అబద్ధం చెప్పమంటే ‘నాకు తెలిసింది చెబుతాను సార్, సిల్క్ మార్క్ ఉన్నవి విడిగా పెడదాం’ అని మర్యాదగా అనొచ్చు.

ఇక గ్లాసు. బైబిలు చదివే ఇళ్లలో కూడా పెరటి గోడ మీదో, కిటికీ గూట్లోనో ఒక పాత స్టీలు గ్లాసు విడిగా బోర్లించి ఉంటుంది. అంచు సొట్టపోయి, లోపల టీ మరక పేరుకుని ఉంటుంది. పనికి వచ్చినవాళ్లకు అందులోనే టీ. వాళ్లే తాగి, వాళ్లే కడిగి, మళ్లీ అక్కడే బోర్లిస్తారు. ఆదివారం ప్రభువు బల్ల దగ్గర అందరం ఒకే రొట్టెలో పాలు పంచుకుంటున్నాం, సోమవారం ఆ గ్లాసు కిటికీలోనే ఉంటోంది. యాకోబు 2:2-4లో బంగారు ఉంగరం వాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి కింద చోటు చూపించడాన్ని పక్షపాతం అన్నాడు, ఈ గ్లాసు దానికన్నా ఎక్కువ. క్రీస్తు మనస్సుకు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే. ఆ గ్లాసు ఈరోజే తీసేయండి. ఇంట్లోవాళ్లు తాగే గ్లాసులోనే పోసి, లోపల కుర్చీ వేసి ఇవ్వండి. కడగడం కూడా మీరే కడగండి. పెద్దవాళ్లు అడ్డుపడితే వాదన పెట్టుకోకుండా, ఆ పని మీ చేతులతో మీరు చేస్తూ పోండి.

ధర్మవరం చెల్లి

అందరికీ కృతజ్ఞతలు. చివరి ప్రశ్న మిగిలింది. తెలిసిన ఒక అక్కకు ఇంట్లో దెబ్బలు తప్పడం లేదు. ‘క్రీస్తు నోరు తెరవలేదు, నువ్వూ సహించు’ అని సంఘంలోనే చెప్పారట. అది సరైన బోధేనా?

ఆదోని బైబిలు క్లాసు

కాదు తల్లీ, సరైన బోధ కాదు. 1 పేతురు 2:23లో ఆయన దూషింపబడియు బదులు దూషింపలేదు అని ఉంది. అది పగ తీర్చుకోకపోవడం గురించి. అన్యాయాన్ని న్యాయమని ఒప్పుకోవడం గురించి కాదు. ప్రధానయాజకుని ఇంట్లో బంట్రౌతు కొడితే యేసు మౌనంగా లేడు, యోహాను 18:23లో ‘నన్నేల కొట్టుచున్నావు’ అని నేరుగా అడిగాడు. పౌలు సంగతి ఇంకా దగ్గరిది. ఈ పత్రిక వెళ్లిన ఫిలిప్పీ పట్టణంలోనే విచారణ లేకుండా అతణ్ణి బెత్తాలతో కొట్టి చెరసాలలో వేశారు. మర్నాడు రహస్యంగా పంపేద్దామని చూస్తే, మేము రోమా పౌరులం, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకుపోవాలి అన్నాడు (అపొస్తలుల కార్యములు 16:37). అధికారులు వచ్చి బతిమాలుకున్నారు. తగ్గించుకునే మనిషి చట్టాన్ని అడగకూడదని ఎక్కడా లేదు.

ఇంకో తేడా చూడండి. ఫిలిప్పీ 2లో క్రీస్తు తన్ను తానే తగ్గించుకున్నాడు. ఇంకొకరు బలవంతంగా తొక్కేయడం అది కాదు. ఆ వాక్యం చేయి పైన ఉన్నవాడితో మాట్లాడుతోంది. ఆ ఇంట్లో దాన్ని మొదట వినాల్సింది భర్త.

ఆ అక్కకు ఇప్పుడు కావాల్సింది భద్రత. ప్రాణభయం ఉంటే 112కు, సలహా, ఆశ్రయం కావాలంటే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు. గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005 కింద రక్షణ ఉత్తర్వు, ఇంట్లో ఉండే హక్కు అడగొచ్చు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు నమ్మకమైనవాళ్ల ఇంట్లో ముందే పెట్టుకోమనండి. దెబ్బలు తగిలితే ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని, కాగితం మీద రాయించుకోవాలి. కొట్టేవాడినీ ఆమెనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ మాట్లాడొద్దు, అతని ముందు ఆమె నిజం చెప్పలేకపోతుంది, చెబితే ఆ రాత్రే దెబ్బలు. మత్తయి 18:15-17లో ఒంటరిగా వెళ్లి మాట్లాడటం, ఇద్దరు ముగ్గురితో వెళ్లడం, సంఘానికి చెప్పడం అనే మెట్లు ఉన్నాయి. ప్రమాదం ఉన్న చోట మొదటి మెట్టు ఆమె మీద వేయకూడదు, సంఘ పెద్దలు అతనితో విడిగా మాట్లాడాలి.

క్షమించడం గురించి ఆమె అడిగితే ఈ తేడా చెప్పండి. పగ మనసులో ఉంచుకోకపోవడం ఆమె ఈరోజే దేవుని ముందు మొదలుపెట్టొచ్చు. మళ్లీ ఆ ఇంట్లో అడుగు పెట్టడం మాత్రం అతను మారినట్టు నెలల తరబడి కనిపించాక ఆలోచించాల్సిన సంగతి.

తుంగభద్ర ఒడ్డు, కర్నూలు

అక్కా, ఒక చిన్న చేర్పు. మీరు క్షమాపణ అడిగాక అత్తమ్మ ‘ఇప్పుడు గుర్తొచ్చిందా’ అని ఎత్తిపొడవొచ్చు. దానికి జవాబు ఇవ్వకండి, రెండోసారి వివరణా వద్దు. ‘అవునత్తమ్మా, ఆలస్యమైంది’ అని ఆమె కాఫీ ఆమెకు వేడిగా ఇచ్చి, షాపుకు వెళ్లిపోండి. మర్నాడు కాగితం మీద రాసుకునే చోటు అదే కావొచ్చు.