పొటాషియం పొద్దున 6.2, సాయంత్రం 4.5. ఏ రిపోర్ట్ నమ్మాలి?

గోదారి_గట్టు:

నమస్తే అండీ, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా నాన్నగారికి 67 ఏళ్ళు, షుగర్ ఉంది, బీపీకి టెల్మిసార్టన్ వాడతారు. ఆర్నెల్లకోసారి చేయించే టెస్టులకి ఈసారి ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్ళే వాళ్ళని బుక్ చేశాం, పరగడుపున రాజమండ్రి దాకా వెళ్ళి లైన్లో కూర్చోడం ఆయన వల్ల కావట్లేదని. అబ్బాయి ఆరున్నరకి వచ్చాడు, నాన్నకి నరం దొరకదు మామూలుగానే, పట్టీ కట్టి పిడికిలి మూయండి తెరవండి మూయండి తెరవండి అని చాలాసేపు చేయించి, రెండోసారి గుచ్చితే గానీ రక్తం రాలేదు. మధ్యాహ్నం రెండింటికి ఫోన్‌కి రిపోర్ట్ వచ్చింది, పొటాషియం 6.2 అని ఎర్రక్షరాల్లో. గూగుల్ చేస్తే గుండె ఆగిపోవచ్చని రాసుంది, ఇంక చూస్కోండి మా ఇంట్లో సీను, అమ్మ ఒకటే ఏడుపు, వెంటనే కారు మాట్లాడుకుని హాస్పిటల్‌కి పరిగెత్తాం. అక్కడ ఈసీజీ నార్మల్, మళ్ళీ రక్తం తీసి చూస్తే పొటాషియం 4.5!

ఇంకో విచిత్రం ఏంటంటే పొద్దున రిపోర్ట్‌లో ఫాస్టింగ్ షుగర్ 84 ఉంది, అదే రోజు పొద్దున ఆరింటికి నేను ఇంట్లో మిషన్‌లో చూస్తే 114. లివర్ టెస్టుల్లో ఎస్‌జీఓటీ 51, అదీ ఎరుపే. ఎస్‌జీపీటీ మాత్రం నార్మల్. కాల్షియం 9.3, క్రియాటినిన్ (కిడ్నీ టెస్టు) 1.1, క్లోరైడ్ 97 (98 నుంచి ఉండాలట). ఒకే మనిషి, ఒకే రోజు, ఇంత తేడా ఎలా వస్తుందండీ? అసలు టెస్ట్ చేశారా లేక అంకెలు వేసేశారా? నాన్న రోజూ ఒక కొబ్బరిబోండం తాగుతారు, దానివల్లా?

సైలెంట్_రీడర్:

ల్యాబులన్నీ అంతే బ్రో, మూడు చోట్ల ఇస్తే మూడు రిపోర్టులు. అంతా డబ్బు.

ల్యాబ్_తమ్ముడు:

అన్నా అంత మాట అనకు, నేను డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేసి తొమ్మిదేళ్ళ సంది ఇదే పని చేస్తున్న. మిషన్ తప్పు చెప్పుడు చాలా తక్కువ ఉంటది, పొద్దుగాల కంట్రోల్స్ (అంకె ముందే తెలిసిన శాంపిల్స్) వేసి గ్రాఫ్ చూసినంకనే పేషెంట్ శాంపిల్ పెడతం, బయట నుంచి కూడా చెక్ ఉంటది, వెల్లూరు సీఎంసీ వాళ్ళు పంపే శాంపిల్స్ మేం చేసి పంపిస్తే మా రిజల్ట్ మిగతా ల్యాబులతో పోల్చి చెప్తరు. అసలు లొల్లి అంతా శాంపిల్ మిషన్‌లోకి పోకముందే అయితది, సూది గుచ్చే కాడ, బ్యాగులో మోసుకొచ్చే కాడ.

గోదారి గారు, నాలుగు విషయాలు చెప్పున్రి. ఎన్ని ట్యూబులల్ల తీసిండు, మూతలు ఏ రంగు? సిరంజితో గుంజి ట్యూబుల పోసిండా లేక సూదికే ట్యూబ్ పెట్టిండా? ల్యాబుకి ఎన్ని గంటలకి చేరింది? రిపోర్ట్ కింద చిన్నక్షరాలల్ల ఏమన్న రాసి ఉందా?

గోదారి_గట్టు:

రెండే ట్యూబులండీ, ఒకటి ఊదారంగు మూత, ఒకటి పసుపు. సిరంజితోనే తీశాడు, తర్వాత సూది మూతలోంచి గుచ్చి పిస్టన్ నొక్కాడు, గట్టిగానే నొక్కాడు. ల్యాబుకి చేరింది 11.40 అని రిపోర్ట్ మీదే ఉంది, మా తర్వాత ఇంకా ఆరేడు ఇళ్ళున్నాయి అన్నాడు, మామూలు భుజానికేసుకునే బ్యాగే, ఐస్ డబ్బా లాంటిదేం లేదు. మీరడిగాక పీడీఎఫ్ పెద్దది చేసి చూస్తే చివర్లో "శాంపిల్ కొద్దిగా హీమోలైజ్ అయింది" అని ఉంది!! ఇంత ముఖ్యమైన మాట చీమంత అక్షరాల్లోనా?

ల్యాబ్_తమ్ముడు:

దొరికింది. హీమోలైజ్ అంటే ఎర్రకణాలు పగిలినయన్నట్టు. ఇంక బూడిదరంగు మూత ట్యూబ్ లేదు సూడు, షుగర్ కథ అక్కడనే ఉంది. రక్తం ఒంట్లకెళ్ళి బయటికొచ్చినా అందులోని కణాలు బతికే ఉంటయి, గ్లూకోజ్ తింటనే ఉంటయి, గంటకి 5 నుంచి 7 శాతం దాకా పోతది. బూడిద మూత ట్యూబ్‌ల ఫ్లోరైడ్ ఉంటది, అది ఆ తినుడు ఆపుతది. పసుపు మూత ట్యూబ్‌ల అట్లాంటిది లేదు, జెల్ ఉంటది, కానీ గడ్డ కట్టినంక సెంట్రిఫ్యూజ్‌ల (గిర్రున తిప్పే మిషన్) తిప్పితేనే జెల్ మధ్యలకొచ్చి కణాల్ని, సీరంని (పైన తేలే నీళ్ళలాంటిది) వేరు చేస్తది. అరగంట ఆగి తిప్పాల్సింది ఐదు గంటలు బ్యాగుల తిరిగింది. గంటకి 6 శాతం లెక్కన వేసుకో, 114 కాస్త 84 దగ్గరికి వస్తది, నీ రిపోర్ట్ అంకె అదే! లేట్ అయినందుకే పొటాషియం గూడ పెరిగింది.

బయోకెమ్_పీజీ:

చివరి మాట ఒక్కటి సరిచేస్తానండి, తమ్ముడు ఏమీ అనుకోకూడదు. నేను బయోకెమిస్ట్రీ ఎండీ చేస్తున్నాను. షుగర్ లెక్క కరెక్ట్. కానీ మామూలు వేడిలో నాలుగైదు గంటలు ఉన్నంత మాత్రాన పొటాషియం ఇంత పెరగదు, ఎందుకంటే ఆ కణాలు గ్లూకోజ్ తింటున్నంతసేపూ వాటి గోడల్లోని పంపు పనిచేస్తూ పొటాషియంని లోపలికి లాగుతూనే ఉంటుంది, మొదట్లో కొంచెం తగ్గినా తగ్గొచ్చు. ఐస్‌లో పెడితే మాత్రం కథ తిరగబడుతుంది, చలికి పంపు ఆగి పొటాషియం బయటికి కారిపోతుంది. చాలామంది చల్లగా పెడితే శాంపిల్ భద్రం అనుకుంటారు, తిప్పని రక్తానికి అది పొటాషియం విషయంలో తప్పు.

నాన్నగారి విషయంలో నా అనుమానం రెండింటి మీద. ఒకటి ఆ పిడికిలి. పట్టీ కట్టి ఉంచి పదే పదే మూసి తెరిస్తే ముంజేతి కండరాల నుంచి పొటాషియం వచ్చి అక్కడి రక్తంలో చేరుతుంది, ఒక్క దీనివల్లే 1 దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కూడా పెరుగుతుంది. అందుకే పట్టీ నిమిషం దాటకూడదంటాం. రెండోది సిరంజి పిస్టన్ గట్టిగా నొక్కడం, ఎర్రకణాలు పగిలిపోతాయి. వాటి లోపల పొటాషియం బయట ఉన్నదానికి ఇరవై రెట్ల పైనే, కాబట్టి కొన్ని పగిలినా అంకె మారిపోతుంది. ఎస్‌జీఓటీ కూడా ఎర్రకణాల్లో బాగా ఉంటుంది, మీది 51 రావడానికి అదే కారణం అయ్యుండొచ్చు, ఎస్‌జీపీటీ మామూలుగా ఉండటం కూడా దానికి సరిపోతుంది.

ఊదా మూత ట్యూబ్‌లో పొటాషియం ఈడీటీఏ అనే ఉప్పు ఉంటుంది, అందులోది పసుపు దాంట్లో కలిస్తే పొటాషియం పెరిగి కాల్షియం పడిపోతుంది. మీకు కాల్షియం 9.3 ఉంది కాబట్టి అది కాదు. ఇలాంటివి కలవకూడదనే పసుపుది ముందు, ఊదాది తర్వాత, బూడిదది ఆఖర్న నింపే వరస పెట్టారు.

అయితే మీరు హాస్పిటల్‌కి పరిగెత్తడం తప్పు కాదు. టెల్మిసార్టన్ వాడేవాళ్ళకి పొటాషియం నిజంగానే పెరగొచ్చు, 6 దాటితే "శాంపిల్ తప్పేమోలే" అని ఇంట్లో కూర్చోకూడదు, వెంటనే ఈసీజీ, మళ్ళీ శాంపిల్, అంతే. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువే, కిడ్నీలు బాగుంటే ఒక బోండం ఒంటికి లెక్క కాదు, కానీ ఈ మందుతో కలిపి రోజూ అంటే మీ డాక్టర్ చెవిన వేయండి. క్లోరైడ్ 97 గురించి వదిలేయండి. రేంజ్ అంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో మధ్య 95 శాతం మంది అంకెలు, అంటే ఏ జబ్బూ లేనివాళ్ళలోనూ వందకి ఐదుగురు బయట పడతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 టెస్టులు చేస్తే ఏదో ఒకటి ఎర్రగా వచ్చే అవకాశం 64 శాతం. ప్యాకేజీల పేరుతో 80 టెస్టులు అమ్ముతారు చూడండి, అక్కడ ఎర్రక్షరాలు రాకపోతేనే ఆశ్చర్యం.

ల్యాబ్_తమ్ముడు:

కరెక్టే మేడం, పిడికిలి ముచ్చట నేను పట్టించుకోలే. నిజం చెప్పాలంటే మేం కూడా మూయి తెరువు అంటం, నరం దొరకకపోతే ఏం జేస్తం, ముసలోళ్ళకైతే మరీ కష్టం. అబ్బాయిని తిట్టుకోకున్రి, వాళ్ళకి ఇంటికింత అని ఇస్తరు, పొద్దున తొమ్మిది లోపల అన్ని ఇళ్ళు తిరగాలె.

పిన్ని_ముచ్చట్లు:

ఇక్కడే ఒక మాట అడిగేస్తా, జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నా, మొన్న థైరాయిడ్ టెస్ట్ తేడాగా వచ్చింది, దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

బయోకెమ్_పీజీ:

ఉంటుందండి. కొన్ని మిషన్లలో ఆ టెస్టు పద్ధతే బయోటిన్ మీద ఆధారపడి ఉంటుంది, ఎక్కువ డోసు వేసుకుంటే టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్) లేనంత తక్కువగా చూపిస్తుంది, టీ4 (థైరాయిడ్ హార్మోన్) ఎక్కువ చూపిస్తుంది, చూసేవాళ్ళకి థైరాయిడ్ ఎక్కువైనట్టే ఉంటుంది. రెండు రోజులైనా ఆపి మళ్ళీ చేయించండి, మీ డాక్టర్‌కీ మాత్ర సంగతి చెప్పండి, చాలామంది అది మందే కాదనుకుని చెప్పరు.

గోదారి_గట్టు:

చాలా థ్యాంక్స్ అండీ అందరికీ. ల్యాబుకి ఫోన్ చేశా, మొదట మా దగ్గర తప్పు జరగదన్నారు, 11.40, హీమోలైజ్, బూడిద మూత అని మూడు మాటలు అనేసరికి ఫ్రీగా మళ్ళీ తీస్తామన్నారు. ఈసారి ఏం చూసుకోవాలి? నాన్నకి కాఫీ లేకపోతే ఉండలేరు, అది తాగొచ్చా?

ల్యాబ్_తమ్ముడు:

కాఫీ వద్దు, బ్లాక్ కాఫీ గూడ వద్దు. మంచినీళ్ళు మంచిగ తాగమను, నరం కూడా తేలుతది. ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరకి తిని పడుకుంటే పొద్దున ఆరున్నరకి పది గంటలు అయితయి, సరిపోతది. మిమ్మల్ని మొదటి ఇల్లు కాదు ఆఖరి ఇల్లు పెట్టుమను, అక్కడ తీసి సీదా ల్యాబుకే పోతడు. చెయ్యి కాసేపు వేడినీళ్ళ బట్టతో కాపితే నరం దొరుకుతది, పిడికిలి ఒక్కసారి మూసి ఊకోమను. బూడిద మూత ఉందా అని గుచ్చకముందే అడుగు, గుచ్చినంక అడిగితే ఏం లాభం. ఫ్లోరైడ్ ఉన్నా మొదటి గంటా రెండు గంటలు షుగర్ కొంచెం తగ్గుతనే ఉంటది, అందుకని 114 ఉన్నకాడ 109 వస్తే మళ్ళా ఇక్కడ పోస్టు పెట్టకు అన్నా 😀