సముద్రజలంలో ఇనుము: బ్లాంక్ (శాంపిల్ లేకుండా నడిపిన పరీక్ష) సగటు 0.46 నానోమోల్/కిలో, నీళ్లలో ఉండాల్సింది 0.3. ఎక్కడ వెతకాలి?

ఉప్పునీరు:
పీహెచ్‌డీ మొదటి ఏడాది. నడిసముద్రపు పైనీటిలో కరిగిన ఇనుము కొలవాలి. 0.2 మైక్రాన్ ఫిల్టర్ దాటి, ఆసిడ్ కలిపి నిల్వ ఉంచిన నీళ్లు 40 మి.లీ. తీసుకుని, అమ్మోనియం అసిటేట్ బఫర్ 1.5 మి.లీ.తో పీహెచ్ 6.2కి తెచ్చి, లోహాల్ని పట్టుకుని ఉప్పును వదిలేసే నోబియాస్ పీఏ1 రెజిన్ కాలమ్‌లోంచి పంపుతున్నాను. 1 మోలార్ నైట్రిక్ ఆసిడ్ 1 మి.లీ.తో పట్టిన లోహాల్ని దింపి ఐసీపీ-ఎంఎస్‌కి (లోహాల్ని ద్రవ్యరాశిని బట్టి కొలిచే యంత్రం) ఇస్తున్నాను. ఆసిడ్ కలిపిన మిల్లీ-క్యూ నీటిని (ల్యాబులో అతి శుద్ధి చేసిన నీరు) ఇదే దారిలో పంపితే వచ్చిన ఎనిమిది బ్లాంకులు (నానోమోల్/కిలో):
0.21, 0.24, 0.22, 1.35, 0.23, 0.94, 0.25, 0.20
సగటు తీసేస్తే కొన్ని శాంపిళ్లు మైనస్‌లోకి పోతున్నాయి. రెజిన్ పాడైందా? కొత్తది అడగాలా?

తెల్లగ్లోవ్:
రెజిన్ జోలికి ఇప్పుడే పోకండి. సగటు పక్కన పెట్టి అంకెల్ని వరసగా చూడండి. ఆరు 0.20 నుంచి 0.25 మధ్యే ఉన్నాయి, రెండు ఎగిరిపోయాయి. ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ఎప్పుడూ ఒకేలా ఉండే 0.22 రసాయనాల నుంచో కాలమ్ నుంచో వస్తుంది. అప్పుడొకటి ఇప్పుడొకటి ఎగిరేది రేణువు.

ఎంత రేణువో లెక్క కట్టండి. ఉదాహరణకు 40 మి.లీ.లో 0.6 నానోమోల్/కిలో అంటే 24 పికోమోల్, అంటే దాదాపు 1.3 నానోగ్రాముల ఇనుము. దాదాపు 10 మైక్రోమీటర్ల తుప్పు రేణువు ఒక్కటి పడితే చాలు. కంటికి ఆనదు.

డిటెక్షన్ లిమిట్ (నమ్మకంగా కొలవగల అతి తక్కువ మోతాదు) అంటే బ్లాంకుల స్టాండర్డ్ డీవియేషన్‌కి మూడు రెట్లు కదా. ఆరింటితో 0.06, ఎనిమిదింటితో 1.3. ఆరింటి అంకె ముద్దొస్తుంది గానీ రాసుకోకండి. బ్లాంకుల్లో నాలుగింట ఒకదానిలో రేణువు పడుతోందంటే శాంపిళ్లలోనూ పడుతోంది, అక్కడ మీకు తెలియడం లేదంతే. ముందు మూలం పట్టాలి.

ఆ రెండు బ్లాంకుల్లో మిగతా లోహాలు ఎలా ఉన్నాయో చూడండి. అల్యూమినియం కూడా ఎగిరితే గది ధూళి. ధూళిలో నికెల్ ఇనుములో వెయ్యో వంతు స్థాయిలోనే ఉంటుంది, మామూలు స్టెయిన్‌లెస్ ఉక్కులో పదో వంతు దాటుతుంది. జింక్ ఒక్కటే ఎగిరితే గ్లోవ్స్‌నో రబ్బరునో అనుమానించాలి. స్టెయిన్‌లెస్‌లో ఉండే క్రోమియం ఈ రెజిన్‌కి సరిగా పట్టదు, అది లేదని ఉక్కును వదిలేయకండి.

కెలేట్:
పైది చూస్తూనే 0.22 సంగతి కూడా తేల్చేయొచ్చు. నీళ్లు అంతే ఉంచి బఫర్ మాత్రం 1.5కి బదులు 3 మి.లీ. వేయండి. పీహెచ్ మళ్లీ చూసుకోండి, 6కీ 6.5కీ మధ్య ఉంటే ఫర్వాలేదు. మూడు బ్లాంకులు చాలు.

ఉప్పునీరు:
చేశాను. 3 మి.లీ.తో 0.37, 0.39, 0.38. ఎగిరిన ఆ రెండింటిలో నికెల్ పెరిగింది, ఇనుములో పదో వంతుకు కాస్త పైన. అల్యూమినియం కదల్లేదు.

కెలేట్:
అయితే బఫరే. అదనంగా వేసిన 1.5 మి.లీ. తెచ్చింది సుమారు 0.155. అంటే మొదటి 0.225లో బఫర్ వాటా 0.155, మిగతా అన్నిటిదీ కలిపి 0.07. బఫర్‌లో లీటరుకు 4 నానోమోల్ ఇనుము ఉన్నట్టు.

పొడి అమ్మోనియం అసిటేట్ కరిగించి చేస్తున్నట్టయితే మానేయండి. అత్యంత శుద్ధమైన అసిటిక్ ఆసిడ్, అమ్మోనియా కలిపి చేసుకోండి. చేశాక పీహెచ్ 6.2 దగ్గరే, ఇదే రెజిన్ నింపిన విడి కాలమ్‌లోంచి ఒకసారి పంపండి. ఇనుము అక్కడే ఆగిపోతుంది. ఆ కాలమ్‌ని ప్రతి విడతకీ ముందు 1 మోలార్ ఆసిడ్‌తో కడగాలి, లేకపోతే అదే కక్కుతుంది. పీహెచ్ ఎలక్ట్రోడ్‌ని మాత్రం అసలు సీసాలో ముంచొద్దు. కొంచెం వేరే గిన్నెలో పోసి చూసి పారబోయండి.

తెల్లగ్లోవ్:
నికెల్ పదో వంతు అంటే ఉక్కే. పైపెట్ టిప్‌ని తోసే కడ్డీ లోహానిదేమో చూడండి, ఆసిడ్ ఆవిరికి తుప్పు పట్టేది ముందు అదే. విప్పేసి టిప్పులు చేత్తో తీయండి. రంగు టిప్పులు వాడకండి, రంగులోనే లోహాలు ఉండొచ్చు. రంగులేనివి కూడా 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆసిడ్ మూడుసార్లు లాగి వదిలాకే శాంపిల్‌లో పెట్టాలి. లామినార్ హుడ్ లోపలి స్క్రూలు, ఆటోశాంప్లర్ స్టాండు కూడా ఒకసారి చూడండి. ట్యూబులు గంటల తరబడి మూత లేకుండా ఉంటాయి కాబట్టి పైన కవర్ పెట్టండి.

లవణరేఖ:
ఒక మెలిక. మిల్లీ-క్యూ బ్లాంక్ తగ్గినంత మాత్రాన పని అయిపోదు. అందులో ఉప్పు లేదు, కాల్షియం లేదు. అసలు నీళ్లలో కాల్షియం కాలమ్‌పై మిగిలి ఆసిడ్‌తో పాటు దిగితే, కాల్షియం-40 ఆక్సిజన్-16తో కలిసి సరిగ్గా ఇనుము ద్రవ్యరాశి 56 దగ్గర కూర్చుంటుంది. యంత్రంలోని ఆర్గాన్ వాయువు నుంచి అదే 56 దగ్గర వచ్చే ఆర్గాన్ ఆక్సైడ్ బెడద ఎలాగూ ఉంది. మీడియం రిజల్యూషన్ ఉన్న యంత్రమైతే ఈ రెండూ ఇనుము నుంచి విడిపోతాయి. అంత విడదీయలేని క్వాడ్రుపోల్ యంత్రమైతే, ఇలాంటి జంట అయాన్లను వాయువుతో అణచే కొలిజన్ సెల్ వాడాలి. ఏదైనా సరే, శాంపిల్ పంపాక ఆసిడ్ వేసేలోపు పలుచటి బఫర్‌తో కాలమ్ కడిగి, దిగిన ద్రావణంలో కాల్షియం, సోడియం ఎంతున్నాయో చూడండి.

ఉప్పునీరు:
20, 40, 60 మి.లీ. ఒకే సముద్రజలం పంపి గీత గీస్తే ఇంటర్‌సెప్ట్ (నీళ్లు సున్నా దగ్గర గీత చూపే విలువ) అసలు బ్లాంక్ ఇస్తుందన్నారు. అది చాలదా?

లవణరేఖ:
సగమే ఇస్తుంది. నీళ్లు పెరిగితే వాటిలో ఆసిడ్ పెరుగుతుంది, దాన్ని చంపడానికి బఫరూ పెంచాలి. కాబట్టి బఫర్ ఇనుము స్లోప్‌లో దాక్కుంటుంది, ఇంటర్‌సెప్ట్‌లో కనబడదు. కాలమ్, దింపే ఆసిడ్, ట్యూబుల వాటా మాత్రమే అక్కడ తేలుతుంది. పైన కెలేట్ లెక్క ప్రకారం 0.07 తాలూకు 3 పికోమోల్ దగ్గర రావాలి. పదికి పైన వస్తే ఇంకేదో ఉంది.

చివరికి రిఫరెన్స్ నీళ్లు, అంటే లోహాల మోతాదు ముందే తేల్చి ఉంచిన సముద్రజలం. వాటిలో ఒకటైన నాస్-6లో ఇనుము 9 నానోమోల్/లీటర్ దరిదాపుల్లో ఉంటుంది. అది సరిగ్గా వచ్చిందని 0.3ని నమ్మలేం, 0.2 తప్పు దానిలో కనిపించనే కనిపించదు. ల్యాబులో సేఫ్ అనే మరో రిఫరెన్స్ నీళ్ల సీసాలు మిగిలుంటే వాటిలో ఎస్ (సుమారు 0.09), డీ2 (సుమారు 0.93) రెండూ పెట్టండి. లేకపోతే మీ నీళ్లనే ఒక పెద్ద సీసాలో ఆసిడ్ కలిపి ఉంచుకుని ప్రతి విడతలో మూడుసార్లు నడపండి. ఆసిడ్ కలిపిన మర్నాడే మొదలుపెట్టకండి. పీహెచ్ 1.8 లోపు ఉంచి కనీసం ఒక నెల ఆగండి, కొల్లాయిడ్లకీ సేంద్రియ పదార్థానికీ అంటిన ఇనుము మెల్లగా వదులుతుంది. కోబాల్ట్, రాగి కూడా కావాలంటే ఆగితే సరిపోదు, యూవీ కింద పెట్టాలి.