పాత పీహెచ్‌పీ సైటు కోసం వేసిన పాత వ్యాంప్‌లో అపాచీ లేవడం లేదు, సాయం చేయండి

నమస్కారం. మా ఊరి గ్రంథాలయం పుస్తకాల జాబితా సైటును మళ్లీ నడిపించే పని నా మీద పడింది. కోడ్ పీహెచ్‌పీ (సైట్లు రాసే భాష) 5.3 కాలం నాటిది, ఎక్కడ చూసినా మైఎస్‌క్యూఎల్_కనెక్ట్ (డేటాబేస్‌కు కలిపే పాత ఫంక్షన్) లైన్లే. 2015లో వచ్చిన పీహెచ్‌పీ 7.0లోనే ఆ ఫంక్షన్లు తీసేశారు కదా, కొత్త సర్వర్‌లో తెల్ల పేజీ తప్ప ఏమీ రావడం లేదు.

అందుకని పీహెచ్‌పీ 5.6, అపాచీ 2.4 (పేజీలు అందించే వెబ్ సర్వర్) ఉన్న పాత వ్యాంప్‌ను (ఇవన్నీ విండోస్‌లో ఒకేసారి వేసే ప్యాకేజీ) విండోస్ 10లో వేశాను. ముందు ఎంఎస్‌వీసీఆర్110 అనే డీఎల్‌ఎల్ ఫైలు లేదంది. విజువల్ సీ++ 2012 రన్‌టైమ్ వేశాక ఆ గొడవ పోయింది. ఇప్పుడు వ్యాంప్ ఐకాన్ ఆరెంజ్ రంగు దగ్గరే ఆగిపోతోంది, అంటే అన్ని సర్వీసులూ లేవడం లేదు. 80 పోర్టును ఐఐఎస్ (విండోస్ సొంత వెబ్ సర్వర్) పట్టుకుందేమోనని 8080కి మార్చినా అంతే.

నా అనుమానం వర్చువల్ హోస్ట్ ఫైలు (ఏ సైటు ఏ ఫోల్డర్‌లో ఉందో అపాచీకి చెప్పే సెట్టింగుల ఫైలు) మీద. అది అపాచీ 2.2 నాటిది, అందులో 'ఆర్డర్', 'అలౌ ఫ్రమ్' లైన్లున్నాయి. 2.4లో వాటి బదులు 'రిక్వైర్ ఆల్ గ్రాంటెడ్' రాయాలట. అవి ఉంటే సర్వర్ అసలు లేవదా? తప్పు ఏ లైన్‌లో ఉందో ఎలా తెలుసుకోవాలి?

పీహెచ్‌పీ 5.6కు సెక్యూరిటీ ప్యాచ్‌లు 2018తోనే ఆగిపోయాయి, అందుకే దీన్ని ఇంటర్నెట్‌లో పెట్టను, గ్రంథాలయం లోపలి నెట్‌వర్క్‌లోనే ఉంచుతాను. ఇంత తంటా పడే బదులు కోడ్‌ను మైఎస్‌క్యూఎల్‌ఐకి (ఆ పాత ఫంక్షన్ల బదులు వాడే కొత్తవి) మార్చేయడమే నయమంటారా? ఇప్పటికే ఇలాంటిది మార్చినవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరు.