బెంగళూరు హొరమావు వైపు సెప్టిక్ గుంతలు మూసి యూజీడీకి (భూమి కింది మురుగు లైనుకు) మారాలంటే ఖర్చు ఎవరు ఎంత పెట్టాలి?

అసోసియేషన్ సభ్యురాలు:
మన లేఅవుట్ 2007లో బెంగళూరులో కలిపిన 110 పల్లెల పరిధిలోది. ఇన్నాళ్లకు జలమండలి (నీళ్లు, మురుగు చూసే బోర్డు) యూజీడీ లైను మన క్రాసుల (అడ్డ వీధుల) దాకా వచ్చింది. ఇంటి నుంచి మ్యాన్‌హోల్ వరకు పైపు, ఛాంబరు, రోడ్డు కటింగ్, పాత గుంత పూడ్చడం మన ఖర్చే. బోర్డుకు కట్టేది వేరే. అందరం ఒకే కాంట్రాక్టరుకు ఇచ్చి, సైటుకు 65 వేల చొప్పున వేసుకుందామని మీటింగులో ప్రతిపాదన పెట్టాం. సగం మంది ఒప్పుకోలేదు. అభ్యంతరాలేమిటో ఇక్కడ రాయండి.

ఏడో క్రాస్ పెద్దాయన:
నేను ఇవ్వను. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఇంజనీరును పెట్టి మూడు గదుల సెప్టిక్ ట్యాంకు, దాని పక్కన ఇంకుడు గుంత కట్టించాను. మూడేళ్లకోసారి గుంతలో మడ్డి తోడే హనీసక్కర్ లారీని పిలుస్తాను. ఒక్కసారి కూడా పొంగలేదు. బాగా పనిచేస్తున్నదాన్ని డబ్బిచ్చి మరీ పూడ్పించుకోవాలా? 65 వేలంటే నాకు రెండు నెలల పెన్షన్ పైమాటే.

బోరు నీళ్లు:
పొంగనంత మాత్రాన బాగున్నట్టు కాదు సార్. మడ్డి ట్యాంకులో ఆగుతుంది, నీళ్లు మట్టిలోకే పోతాయి. నైట్రేటు ఆ నీళ్లతోనే పోతుంది. గుంతకీ బోరుకీ కనీసం 50 అడుగుల ఎడం ఉండాలంటారు. మన 30×40 సైటును ఈ మూల నుంచి ఆ మూలకు కొలిస్తేనే 50 అడుగులు! మా బోరు నీళ్లు ల్యాబులో ఇస్తే నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాముల హద్దు దాటిందని వచ్చింది. మా ఇంట్లో ఏడాది నిండని పాప ఉంది. నీళ్లు కాచినా నైట్రేటు పోదు.

ఏడో క్రాస్ పెద్దాయన:
మీ బోరు నా గుంత వల్లే చెడిందని రుజువేది? నాది పొంగలేదు, మళ్లీ చెబుతున్నాను.

మేడమీద అద్దె:
లారీ డబ్బులు మెయింటెనెన్స్ పేరుతో మా దగ్గరే తీసుకుంటున్నారు. కనెక్షన్ వచ్చాక అవి తగ్గిస్తారా?

నాలుగంతస్తులు:
నాకు డబ్బు సమస్య కాదు, నమ్మకం లేదు. మా బావగారి వీధిలో తవ్వేసి, వానాకాలమంతా అలాగే వదిలేశారు. ఆయన స్కూటర్ మీద నుంచి పడి చెయ్యి విరిగింది. పైగా వానలకు మ్యాన్‌హోళ్లు నిండితే పల్లంలో ఉన్న ఇళ్లలోకి మురుగు వెనక్కి తంతుంది. ముందు మిగతా వీధులు కలవనివ్వండి, తర్వాత చూద్దాం.

బోరు నీళ్లు:
వెనక్కి రాకుండా నాన్‌రిటర్న్ వాల్వు పెట్టుకోవచ్చు అన్నా. అసలు కావేరి నీళ్ల సంగతి ఆలోచించారా? 2024 అక్టోబరులో మొదలైన ఐదో దశ ఈ 110 పల్లెల కోసమే, రోజుకు 77.5 కోట్ల లీటర్లు. ట్యాంకరు నీళ్లు పొదుపుగా వాడుకునే రోజుల్లోనే మన గుంతలు నిండేవి. వాడిన నీళ్లలో 80 శాతం దాకా మురుగుగా బయటికొస్తుంది. ఇకమీదట అదంతా ఎక్కడికి వదులుతాం?

ఏడో క్రాస్ పెద్దాయన:
ఎక్కడికి వదులుతున్నారో నేను చెబుతాను. నాలుగంతస్తుల వారూ, రాత్రిపూట మోటారు పెట్టి మీ గుంత నీళ్లు వాన కాలువలోకి తోడుతున్నారు. అవి రాజకాలువె అనే పెద్ద వాన కాలువలో కలిసి చెరువుకు పోతున్నాయి. ఎనిమిది పోర్షన్లకు ఒకటే గుంత తవ్వించారు. మీకూ 65 వేలు, నాకూ 65 వేలా? ఇదేం న్యాయం?

నాలుగంతస్తులు:
మర్యాదగా మాట్లాడండి. మీ వయసు చూసి ఊరుకుంటున్నాను.

అసోసియేషన్ సభ్యురాలు:
ఇద్దరూ దయచేసి ఆగండి. వ్యక్తిగత విషయాలొద్దు.

మేడమీద అద్దె:
ఎందుకొద్దు మేడం? మా బిల్డింగులో మడ్డి గట్టిపడి లారీ పైపు లాగలేదు. ఒక కుర్రాణ్ణి గుంతలోకి దించారు. అలా దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. లోపల గ్యాసుకు ప్రాణం పోతుంది. పైనుంచి చూస్తూ నేను అరిస్తే, ఓనరు నన్నే లోపలికి పొమ్మన్నారు.

ఏడో క్రాస్ పెద్దాయన:
నేను యూజీడీకి అడ్డు కాదు. ఈ సమాన వాటాకే నా అడ్డు. వంటిళ్లను బట్టి లెక్క వేయండి, రేపే చెక్కు ఇస్తాను.

నాలుగంతస్తులు:
వాటా ఎక్కువైనా కడతాను. నా భయం వేరే. ప్లానులో ఉన్నవి మూడే అంతస్తులు. ఆస్తి ఖాతా కూడా బి ఖాతా, అంటే పూర్తిగా సక్రమం కానిది. ఓసీ (ఇల్లు ప్లాను ప్రకారమే కట్టారని ఇచ్చే నివాస పత్రం) ఉంటేనే నీళ్లు, మురుగు, కరెంటు కనెక్షన్లు ఇవ్వాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. దరఖాస్తు పెడితే ముందు కొలతలకు వచ్చేది నా ఇంటికే. బ్యాంకు లోను ఆ అద్దెలతోనే కడుతున్నాను. పిల్లల చదువులూ వాటితోనే.

బోరు నీళ్లు:
ఈ మాట మీటింగులోనే చెప్పి ఉండాల్సింది అన్నా. మీ టెన్షన్ నాకు అర్థమైంది. కానీ మీ పై అంతస్తు కోసం మా పాపతో ఆ నీళ్లు తాగించలేం కదా.

అసోసియేషన్ సభ్యురాలు:
ఆదివారం మీటింగులో రెండే విషయాలు. ఒకటి, వంటిళ్ల లెక్కన వాటా. రెండు, ఓసీ లేని ఇళ్ల దరఖాస్తులు ఎలా పెట్టాలో లాయరును, బోర్డు ఇంజనీరును అడగడం. అప్పటిదాకా వాన కాలువలోకి ఎవరూ వదలొద్దు.

మేడమీద అద్దె:
వంటిళ్ల లెక్కన వేస్తే ఓనర్లు ఆ డబ్బు అద్దెలో కలుపుతారా?

నాలుగంతస్తులు:
కొంతైనా కలపక తప్పదు.

మేడమీద అద్దె:
అయితే ఆదివారం మీటింగుకు మమ్మల్నీ పిలవాలి. ఈ లేఅవుట్‌లో సగానికి పైగా ఉన్నది అద్దెవాళ్లమే.