ఇటుక బట్టీకి కొన్న బొగ్గు సక్రమమైనదో కాదో ఎలా తెలుస్తుందండి?

నమస్కారమండి. మండపేట దగ్గర మాకు చిన్న ఇటుక బట్టీ ఉంది. ఊకతో పాటు ఏడాదికి నాలుగైదు లారీల బొగ్గు కావాలి. ఈసారి ఒక బ్రోకర్ మామూలు ధర కంటే బాగా తక్కువకి లోడు దింపాడు. బిల్లు అడిగితే "రేపు పంపిస్తానండి" అన్నాడు. నెల దాటింది, ఇంకా రాలేదు. పెరట్లో ఆ గుట్ట చూస్తే టెన్షన్‌గా ఉంది.

1957 గనుల చట్టం ప్రకారం అక్రమ ఖనిజాన్ని రవాణా చేసినా, నిల్వ చేసినా తప్పే. అందుకని కేసు భయం ఉంది. కానీ నన్ను ఎక్కువ బాధపెడుతున్నది వేరే. 2018 డిసెంబరులో మేఘాలయలో ఒక అక్రమ బొగ్గు గనిలోకి నీళ్లు దూరి 15 మంది కూలీలు లోపల చిక్కుకుపోయారు. అలా తవ్విన బొగ్గు మా బట్టీలో కాలడం నాకు ఇష్టం లేదు.

సింగరేణి ఈ-వేలంలో అమ్ముతుందని తెలుసు. నాలుగు లారీల కోసం మాలాంటివాళ్లు అందులో పాల్గొనగలరా? చిన్న వినియోగదారులకు రాష్ట్ర ఏజెన్సీ ద్వారా బొగ్గు ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం 2007లో తెచ్చిన బొగ్గు పంపిణీ విధానంలో ఉంది. గోదావరి జిల్లాల్లో ఎవరైనా అలా తీసుకున్నారా? దరఖాస్తు ఎక్కడ పెట్టారు?

ఇంకొకటి. అక్రమ తవ్వకాలపై ఫిర్యాదుకి ఖనన్ ప్రహరీ యాప్ ఉంది కదా, గని ఎక్కడో తెలియకుండా బ్రోకర్ లోడు గురించి మాత్రమే చెప్పాలంటే ఎవరి దగ్గరికి వెళ్లాలి? మిగిలిన బొగ్గు వాడకుండా పక్కన పెట్టాను. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.