గొంతు, కంఠం, పీక, కుత్తుక: ఏది ఎక్కడ?

ప్రశ్న (తేటగీతి)
ఇంగ్లీషు నవల ఒకటి తెలుగు చేస్తున్నాను. ‘త్రోట్’ వచ్చిన ప్రతిచోటా ‘గొంతు’ పెడుతుంటే అతకడం లేదు. కంఠం, గళం, పీక, కుత్తుక, మెడ, వీటిలో ఏది ఎక్కడ వాడాలి? ముఖ్యంగా మూడు చోట్ల ఆగిపోయాను. ఏడుపొచ్చి గొంతులో ఉండ అడ్డుపడటం. అన్నదమ్ములిద్దరు ‘ఒకరి గొంతు దగ్గర ఒకరు’ ఉండటం. నీళ్లు తాగుతూ దగ్గినవాడు ‘తప్పు గొంతులోకి పోయాయి’ అనడం.

జవాబు (పదకేళి)
మూడోదానికి మనకు ఒక్క మాట చాలు: పొలమారింది. నోటి వెనక గాలికీ తిండికీ దారి ఒకటే. కిందికి వచ్చాక వాయునాళం ముందుకూ ఆహారవాహిక వెనక్కూ చీలతాయి. మింగేటప్పుడు ఉపజిహ్విక వాలి వాయునాళాన్ని మూస్తుంది. మింగుతూ నవ్వినా మాట్లాడినా ఆ మూత వేళకు పడక, చుక్క అటు జారి దగ్గు తెరలు వస్తాయి. అదీ పొలమారడమంటే. ముద్ద అడ్డం పడటం వేరు. పొలమారినవాడు దగ్గగలడు, దారి పూర్తిగా మూసుకుపోయినవాడికి దగ్గూ రాదు, మాటా రాదు. నవలలో ఎవరైనా అలా చనిపోతే ‘గొంతుకు అడ్డం పడి ఊపిరాడక’ అని రాయండి.

మొదటిదానికి ‘గొంతు పూడుకుపోయింది’. ఆ ఉండను వదిలేయండి. అదే సమయంలో మాట్లాడుతుంటే ‘డగ్గుత్తికతో అంది’ బాగుంటుంది, కాస్త పాతవాసన ఉన్నా. రెండోదాంట్లో గొంతు అసలు రానక్కర్లేదు: ‘ఒకరి మీద ఒకరు కత్తులు నూరుతున్నారు’.

జవాబు (అరసున్న)
చిక్కంతా ‘గొంతు’కు అవయవం, స్వరం అని రెండర్థాలు ఉండటంతోనే. ‘గొంతు పోయింది’ అంటే మాట బొంగురుపోయిందని. ‘ఆమె గొంతు నొక్కాడు’ అంటే చంపబోయాడా, మాట్లాడనివ్వలేదా తెలీదు. హత్య అయితే ‘పిసికాడు’, ‘నులిమాడు’ అనండి. ‘నొక్కడం’ అభిప్రాయాలకు వదిలేయండి. ‘గొంతు కోశాడు’ కూడా అంతే, నమ్మించి మోసం చేయడానికీ అదే మాట. రక్తం కారే సన్నివేశమైతే కత్తిని వాక్యంలోకి తేవాలి.

మెడ బయటిది, గొంతు లోపలిది. తాళి పడేది మెడలో, ముద్ద దిగేది గొంతులో. సంస్కృత కంఠానికి ఈ తేడా లేదు, అందుకే కంఠహారం మెడలో ఉంటుంది, కంఠస్వరం గొంతులోంచి వస్తుంది. కంఠం ఒంటరిగా కంటే సమాసాల్లోనే సుఖంగా ఉంటుంది: కంఠస్థం, కంఠశోష, కంఠధ్వని. ‘నాకు కంఠం నొప్పిగా ఉంది’ అని ఏ పాత్ర చేతా అనిపించకండి. గళం ఇప్పుడు ఎక్కువగా పాటకూ నిరసనకూ పనికొస్తోంది: గళమెత్తారు, గళం విప్పారు.

పీక మోటు. కోపం, వెటకారం, తాగుడు ఉన్నచోట దాన్ని మించింది లేదు: పీకలదాకా తాగాడు, పని పీకల మీదికొచ్చింది, పీక పిసికేస్తా. పెద్దమనిషి తరహా పాత్ర నోట పెడితే మాత్రం ఎబ్బెట్టు. కుత్తుకకు కత్తితోనే పొత్తు: కుత్తుకలు ఉత్తరించడం. ఆ పైన ‘కుత్తుకబంటి’, అంటే గొంతుదాకా.

జవాబు (వ్యుత్పత్తి)
అరసున్నగారి మాటకు చిన్న చేర్పులు. ‘ముక్తకంఠంతో’ అంటే అసలు అర్థం గొంతు విప్పి, బిగ్గరగా అని. పత్రికలు ‘అందరూ ఒకే మాటగా’ అనే అర్థంలో వాడి స్థిరపరిచేశాయి. దానికి ‘ఏకకంఠంతో’ ఉండనే ఉంది, నేనైతే అదే వాడమంటాను. గొంతెమ్మ కోరికలకు గొంతుతో చుట్టరికం లేదు. గొంతి అంటే కుంతి. గొంతుకూర్చోవడం అంటే మడమల మీద మోకాళ్లు ముడుచుకు కూర్చోవడం. తెలియనివాళ్లు దాన్ని అచ్చుతప్పనుకుని దిద్దేస్తుంటారు, ప్రూఫుల్లో గమనించుకోండి.

నవలలో డాక్టరు ఉంటే ఇంకొకటి. గవదబిళ్లలంటే మంప్స్, చెవి కింద దవడ దగ్గర లాలాజల గ్రంథుల వాపు. టాన్సిల్స్‌ను టాన్సిల్స్ అనే రాయండి. డిఫ్తీరియాకు కంఠసర్పి ఉంది. కొండనాలుక అంగిలి చివర వేలాడేది, పైన పదకేళిగారు చెప్పిన ఉపజిహ్విక కాదు.

తేటగీతి
అందరికీ ధన్యవాదాలండీ. సీసా విషయం అడగడం మరిచాను, దానికీ ‘త్రోట్’ అనే ఉంది.

పదకేళి
సీసాకు మెడ. మూత పెట్టే చోటు మూతి. గొంతు వద్దు.